లేవడం ఎవరూ చూడలేదు

మా ఆయన గొంతుక్కూర్చోగలడు. అదే మా కొంప ముంచింది.

కూర్చోవడంలో గొప్పేముంది, ఎవరైనా కూర్చుంటారు అంటారేమో. ఆ వానాకాలం మా ఇంట్లో జరిగిన రభసంతా దాని గురించే. ఆయన టైల్స్ మేస్త్రి. ఇరవై ఆరేళ్ళు నేల మీద గొంతుక్కూర్చుని, వెనక్కి జరుగుతూ బతికాడు. టైల్స్ వేసేవాడు ముందుకు పోకూడదు, పోతే తను ఇప్పుడే వేసినదాన్ని తనే తొక్కేస్తాడు. లోపలి మూల నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరసా వేసుకుంటూ గుమ్మం దాకా వెనక్కే రావాలి. "నా బతుకంతా వెనకడుగేనే" అని తనమీద తనే జోకులేసుకునేవాడు. అందరూ ఆయన్ని లెవెల్ మేస్త్రి అనేవాళ్ళు. ఎవరింటికెళ్ళినా ఇచ్చిన మంచినీళ్ళు తాగకముందే "ఆ మూల కొంచెం దిగిందండీ" అనేవాడు. మొదటిసారి మా ఇంటికొచ్చినరోజు నా ముఖం కంటే ముందు మా నేలనే చూశాడని మా అన్నయ్య ఇప్పటికీ దెప్పుతాడు.

ముందు మోకాళ్ళు పోయాయి, తర్వాత నడుము. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకి పట్టుకుని, "మోకాళ్ళలో గుజ్జు లేదు, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. నడుములో నరం నలిగిపోయింది. ఇంకొక్క సీజను ఈ పని చేశావంటే మంచం దిగడం అనేది మర్చిపో" అన్నాడు. ఒక కర్ర చేతికొచ్చింది. తాపీ, రబ్బరు సుత్తి, లెవెల్ గొట్టం గోనెసంచిలోకెళ్ళి మంచం కింద పడుకున్నాయి.

చిత్రమేమిటంటే, కూర్చోవడానికి ఆయనకి ఇబ్బంది లేదు. నొప్పి ఉంటుంది గాని కాళ్ళు వాటంతటవే మడుచుకుపోతాయి, ఇరవై ఆరేళ్ళ అలవాటు కదా. లేవడమే రాదు. ప్రతి పొద్దున్నా మంచం మీద నుంచి లేపడానికి నాకు పావుగంట పట్టేది. తలుపు వేసేదాన్ని. ఆయన ఎడమ పక్కకి దొర్లి, మోచేతి మీద బరువు పెట్టి, కాళ్ళు కిందకి జార్చేవాడు. నేను చంకల కింద చేతులు వేసేదాన్ని. అక్కడ ఆగి నా ముఖం చూసేవాడు. "ఒకటి, రెండు, మూడు" అనేదాన్ని. మూడు అన్నాక లేచేవాడు. మూడు అనకుండా ఎప్పుడూ లేవలేదు. ఒక్కోసారి మూడు అన్నా లేవలేక, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్ళం.

ఇదంతా మా పిల్లకి తెలియకూడదు. దానికి పంతొమ్మిదేళ్ళు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. రోజూ ఆ టైముకి దాన్ని ఏదో ఒక వంకతో బయటికి పంపించేవాడు. "పాలు తేమ్మా." "పేపరు తేమ్మా." ఒకరోజు ఏమీ తోచక "బయట వాన పడుతోందేమో చూసి రా తల్లీ" అన్నాడు. అది కిటికీ వైపు చూసి, నా వైపు చూసి, గొడుగు తీసుకుని వెళ్ళింది. పది నెలలు అలాగే గడిపాం.

పని చెయ్యలేనివాళ్ళకి ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది. దానికొక పరీక్ష, ఒక కాగితం. ఆ కాగితం వస్తే ఆయన ఇంటిపట్టున ఉంటాడు. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి తెచ్చేదీ, ఆ భృతీ కలిపితే ఎలాగోలా బండి నడుస్తుంది. రాకపోతే బిల్డరు కాచుకుని ఉన్నాడు. నాలుగంతస్తులు లేపుతున్నాడు, మెట్లకి టైల్స్ వెయ్యాలి. "మెట్లు నువ్వు తప్ప ఎవరేసినా నాకు నచ్చదు మేస్త్రీ, వానలు తగ్గేలోపు వచ్చెయ్" అని కబురు మీద కబురు. మెట్లంటే మామూలు పని కాదు. మెట్టు మెట్టుకీ కూర్చోవాలి, లేవాలి.

"కాగితం రాకపోతే వెళ్తాను. అంతేగా" అన్నాడు, ఏదో పక్కవీధికి వెళ్ళొస్తానన్నట్టు.

"వెళ్ళి?"

"వేస్తాను."

"వేసి?"

అటు తిరిగి పడుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు.

"ఎందుకయ్యా? నాలుగు రోజుల గడ్డం ఉంటే ఉండనీ. కాస్త నీరసంగా కనపడతావు."

"ఆఫీసుకెళ్తూ గడ్డమేంటే? అడుక్కోడానికి పోతున్నామా?"

"మరి దేనికి పోతున్నాం?"

ఇస్త్రీ చొక్కా కావాలన్నాడు, ఇచ్చాను. ప్యాంటు కాళ్ళు నేనే ఎక్కించాను. మా అన్నయ్య వ్యాను తెచ్చి వాకిట్లో హారన్ కొడుతున్నాడు. అన్నయ్య ఊళ్ళో షాపులకి సరుకు వేస్తాడు. దాంతోపాటు సలహాలు కూడా వేస్తాడు, అవి ఉచితం. బావని చూడగానే తల కొట్టుకున్నాడు. "ఇదేంటి బావా, పెళ్ళికొడుకులా తయారయ్యావు? నిన్ను చూస్తే వాళ్ళే లేచి కుర్చీ ఇస్తారు!"

ఆఫీసులో పొడుగాటి హాలు, గోడల వెంబడి బెంచీలు. తడి గొడుగులు, తడి చెప్పులు, తడి మనుషులు. చీటీ మీద మాది ముప్ఫై ఒకటో నంబరు. పదకొండు దగ్గర నడుస్తోంది. నేను ఆరోజు సెలవు పెట్టి వచ్చాను, నిలబడే కునుకు తీస్తున్నాను. ఆయన చెవి మాత్రం గుమ్మం మీదే ఉంది. లోపలికొచ్చిన ప్రతివాళ్ళ కాలి కిందా అక్కడ 'టక్' మంటోంది.

"బోలు" అన్నాడు.

"వదిలెయ్."

"కింద సిమెంటు మాలు లేదు, గాలే. ఎవరో ఒకరు పడతారు."

"నువ్వు పడకు చాలు."

అంతలో ఒక ముసలావిడ చక్రాల ఊతం తోసుకుంటూ వచ్చింది. దాని ముందు చక్రం టైలు అంచుకి తగిలి ఆవిడ తూలింది. అటెండరు పరిగెత్తి పట్టుకున్నాడు. నేను అయ్యో అనేలోపే ఈయన కర్ర నా చేతిలో పెట్టి, నాలుగడుగులు వేసి, గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

పది నెలల తర్వాత ఆయన్ని అలా చూడటం. వేలి కణుపుతో టైలు నాలుగు మూలలా కొట్టి విన్నాడు. మూల కింద గోరు పెట్టి లేపాడు. "చూశావా, మధ్యలో ఇంత ముద్ద పడేసి పోయాడు, మూలలకి పెట్టలేదు. ఎవడేశాడో వాడి చేతులు పడ!" అటెండరుని పిలిచి అట్టపెట్టె ముక్క తెప్పించాడు. చింపి, మడిచి, మూల కింద దోపి, అరచేత్తో తట్టి టైలుని కూర్చోబెట్టాడు. మళ్ళీ కణుపుతో కొట్టాడు. ఈసారి చప్పుడు గట్టిగా వచ్చింది.

రెయిన్‌కోటులో ఒక మేడమ్ లోపలికొస్తూ ఆయన పక్కగా దాటింది. దాటి, ఆగి, "థాంక్సండీ. నేనే రెండుసార్లు తట్టుకున్నాను ఇక్కడ" అంది.

"ఇది ఇప్పటికి పనికొస్తుంది మేడమ్. వానలు తగ్గాక మాలు పెట్టించి వేయించండి" అన్నాడు ఈయన.

ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు? నా మొగుడు మేస్త్రి అని నలుగురూ చూస్తున్నారు కదా అనుకున్నాను. మేడమ్ కారిడార్‌లోకి వెళ్ళిపోయింది. ఈయన అక్కడే కూర్చుని పక్క టైళ్ళు కూడా కొట్టి చూస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, అయిదు. అవి బాగానే ఉన్నాయని నాకే తెలుస్తోంది. అప్పుడర్థమైంది.

"ఏయ్" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇలా రా."

అటెండరుని ఒక పక్క పట్టుకోమన్నాను. చెవి దగ్గర నోరు పెట్టి "ఒకటి, రెండు, మూడు" అన్నాను. రెండోసారికి లేచాడు. మెడ మీద చెమట కాలర్‌లోకి కారుతోంది. అప్పటికి మేడమ్ కారిడార్‌లో లేదు.

మధ్యాహ్నం పిలిచారు. బల్ల వెనక ఆ మేడమే. ఈయన సంబరపడ్డాడు, తెలిసినావిడేగా అని. ఆవిడ కాగితం చూస్తూ వరసగా అడిగింది.

"బట్టలు మీరే వేసుకుంటారా?"

"ఆఁ, ఏదో..."

"వేసుకోడండీ, ప్యాంటు నేనే..." అన్నాను.

"అమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి. నడవగలరా?"

"మెల్లగా."

"మెట్లెక్కగలరా?"

"అవసరమైతే ఎక్కాలిగా."

"నేల మీద నుంచి లేవగలరా?"

నా ముఖం చూశాడు. ఆవిడ ముఖం చూశాడు. థాంక్స్ చెప్పిన మనిషి ముందు లేవలేనని ఎలా చెప్తాడు? "లేస్తానండీ. కాస్త టైము పడుతుంది" అన్నాడు. ఆవిడ రాసుకుంది. నాకు ఆయన జబ్బ గిల్లాలనిపించింది. నిజానికి గిల్లాను కూడా.

ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం మీదే. ఒంటికి వెళ్ళడానికి కూడా లేవలేకపోయాడు. వేడినీళ్ళ సంచి పెట్టీ పెట్టీ నడుము మీద తోలు కమిలింది. ఆ రెండు రోజులు చూడటానికి ఏ మేడమూ రాలేదు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. భృతి రావాలంటే అరవై మార్కులు రావాలి, నలభై నాలుగొచ్చాయి. "నా జన్మలో ఇన్ని మార్కులు రాలేదు" అన్నాడు ఈయన, నవ్వించడానికి. ఎవ్వరం నవ్వలేదు. పిల్ల కింది వాక్యం పైకి చదివింది: "దరఖాస్తుదారు వేచియున్న సమయమున ఎవరి సాయము లేకుండ నేలపై కూర్చుండి చేతిపని చేయుట స్వయముగా గమనించడమైనది."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు ఆ టైలు చుట్టమా పక్కమా? మన ఇంటి టైలా? దాన్ని చూసి నువ్వెందుకు చావాలి?"

"ముసలావిడ పడేది."

"నువ్వు పడ్డావుగా! ఇప్పుడెవరొచ్చి ఎత్తుతారు? ఆ ముసలావిడొస్తుందా?"

"వేసినవాడు సరిగ్గా వేస్తే నాకీ ఖర్మ పట్టేదా?" అని ఎవడో తెలియని మేస్త్రిని తిట్టడం మొదలుపెట్టాడు. నేనాయన్ని తిట్టాను, ఆయన వాణ్ణి తిట్టాడు. ఆ పూట అలా గడిచింది.

"కూర్చోవడం చూశారు. లేవడం ఎవరూ చూడలేదు" అన్నాను చివరికి. ఇక తిట్టే ఓపిక లేదు.

ఆ సాయంత్రమే బిల్డరు వచ్చాడు. గొడుగు వాకిట్లో పెట్టి, గుమ్మంలో నిలబడి, "రెండో అంతస్తు దాకా స్లాబు అయిపోయింది మేస్త్రీ. నువ్వు ఊఁ అంటే మెట్లు ఆపి ఉంచుతా, లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అన్నాడు. ఆయనా చెడ్డవాడేం కాదు. అవసరం ఆయనది.

"వానలు తగ్గనీ. చెప్తాను" అన్నాడు మా ఆయన. బిల్డరు వెళ్ళాక కర్రతో మంచం కింది గోనెసంచిని ముందుకి లాగి, అందులో చెయ్యి పెట్టి తాపీ తడుముకున్నాడు. అంచు తుప్పు పట్టిందేమోనని బొటనవేలితో రుద్దాడు. నేను చూసీ చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ముప్ఫై రోజుల్లోపు పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చని ఉత్తరం వెనక రాసి ఉంది. ఆ రాతని కనిపెట్టింది మా పిల్ల. ఆదివారం పొద్దున్నే కాగితాలు, పెన్ను తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"నాన్న ఎలా లేస్తాడో వివరంగా రాయాలి" అంది.

"కర్ర పట్టుకుని లేస్తాడని రాయి" అన్నాడు మంచం మీద నుంచి.

"అలా రాస్తే మళ్ళీ నలభై నాలుగే. నేనొకసారి చూస్తే రాయగలను నాన్నా."

"చూడ్డానికేముందమ్మా? అందరూ లేచినట్టే. వెళ్ళి పెరుగు తీసుకురా."

"పెరుగుంది."

"అయితే పాలు."

"అవీ ఉన్నాయి" అంది, పెన్ను కింద పెట్టకుండా. "రోజూ నేను వెళ్తోంది పాలకి కాదని నాకు తెలీదా నాన్నా?"

ఆయన దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు. పిల్ల నా వైపు చూసింది. వంటింట్లోకి రమ్మని సైగ చేశాను. గిన్నెలు తోముతూ చెప్పాను, అది గట్టు మీద కాగితం పెట్టుకుని రాసుకుంది. పక్కకి దొర్లడం. మోచెయ్యి. చంకల కింద చేతులు. నోట్లో తువ్వాలు కొరుక్కోవడం. మూడు అనేదాకా నా ముఖంలోకి చూస్తూ ఆగడం. ఒక్కోరోజు నాలుగుసార్లు లెక్కపెట్టడం. లేచాక గోడకి ఆనుకుని అయిదు నిమిషాలు ఊపిరి తీసుకోవడం.

తువ్వాలు దగ్గర పెన్ను ఆగిపోయింది.

"రాయి" అన్నాను.

"రాస్తున్నానమ్మా" అంది. ముక్కు ఎగపీల్చి రాసింది. నేను తోమిన గిన్నే మళ్ళీ తోముతున్నాను.

కమిటీ తారీకు వచ్చింది. మా అన్నయ్య ముందురోజే దిగాడు, రిహార్సల్ చేయిస్తానని.

"ఇటు చూడు బావా. లేస్తావు, లేస్తావు, సగంలో 'అమ్మా' అని ఇలా పక్కకి..." అంటూ మా గది మధ్యలో పడి చూపించాడు. పడటం బాగానే పడ్డాడు గాని మోచెయ్యి మంచం కోడుకి తగిలి నిజంగానే "అమ్మా" అన్నాడు. పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆ వానాకాలం మొత్తానికి మా ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒక్కరోజే.

మా ఆయన మాత్రం నవ్వలేదు. "నాకు నాటకాలు రావు బావా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను. ఇస్తే ఇస్తారు, లేకపోతే మెట్లున్నాయి."

"మెట్లు కాదు, పాడె ఉంది" అన్నాను. నోరు జారింది. అన్నయ్య మోచెయ్యి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు వాన పడలేదు, మబ్బు మాత్రం పట్టి ఉంది. ఫైలు పట్టుకుని పిల్ల కూడా వచ్చింది. "నువ్వెందుకమ్మా, క్లాసు పోతుంది" అన్నాడు. "కాగితాలు నాకే తెలుసు నాన్నా" అంది. ఆయనకి ఇంకో వంక దొరకలేదు.

అదే ఆఫీసు, పై గది. బల్ల వెనక ముగ్గురు. నడుమ కూర్చున్నది ఒక పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని పిల్ల రాసిన అర్జీ చదువుతున్నాడు. రెండుసార్లు చదివాడు. గది మధ్యలో నీలం రంగు చాప పరిచి ఉంది.

"నేల మీద కూర్చోగలరని ఇందులో ఉంది. లేవలేరని అందులో ఉంది" అన్నాడు రెండు కాగితాలు చూపిస్తూ. "మేమే చూస్తాం. కూర్చోండి."

కూర్చున్నాడు. ఎప్పట్లాగే కాళ్ళు మడుచుకుపోయాయి.

"ఇప్పుడు లేవండి. తొందర లేదు. అమ్మా, మీరు కాస్త వెనక్కి జరగండి, పట్టుకోవద్దు. మాట సాయం కూడా వద్దు."

వెనక్కి జరిగాను. చేతులు వాటంతటవే ముందుకొస్తున్నాయి, వెనక్కి పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాను. పక్కన పిల్ల ఫైలు గుండెకి హత్తుకుని నిలబడింది. వాళ్ళ నాన్న లేవడం అది చూడబోతుండటం అదే మొదటిసారి.

అందుకేనేమో, ఆయన నాటకం ఆడలేదు. అంతకంటే ఘోరం, నిజంగా లేవాలని చూశాడు. ఎడమ చెయ్యి నేలకి ఆనించాడు. కుడి మోకాలు ముందుకి తెచ్చాడు. పళ్ళ మధ్య తువ్వాలు లేదు, కింది పెదవి కొరుక్కున్నాడు. నడుము పైకి లేచింది. జానెడు. ఇంకో బెత్తెడు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. పక్కనున్నాయన పెన్ను మూత తీశాడు.

లేస్తున్నాడు. నాకు తెలుసు. పది నెలలకి పైగా రోజూ పొద్దున్నే చూసినదాన్ని, ఆ ఒంట్లో ఏ నరం ఎక్కడికొస్తే లేస్తాడో నాకు తెలుసు. ఇంకొక్క క్షణం ఉంటే నిలబడిపోతాడు. ఇంటికెళ్ళి వారం రోజులు మంచం మీద పడి ఉంటాడు, ఆ వారం ఎవరూ చూడరు. లేచాడని రాసుకుంటారు. బిల్డరు వస్తాడు. గోనెసంచి బయటికొస్తుంది.

రోజూ పొద్దున్నే లే, లే, ఇంకొంచెం అని ప్రాణం పెట్టి లేపే నేను, ఆరోజు లోపల ఒకటే మాట అనుకున్నాను. లేవకు. దేవుడా, లేవనీకు. పడిపో.

సగంలో ఆగాడు. ఎక్కడ ఆగుతాడో అక్కడే. అలవాటుగా తలెత్తి నా ముఖం చూశాడు, మూడు కోసం.

మాట సాయం వద్దన్నారు, నిజమే. కానీ నోటితోనే అనక్కర్లేదు. కాస్త తల ఊపితే చాలు, కళ్ళతో అన్నా చాలు. ఆయన నా ముఖం మీద ఏం రాసున్నా చదువుతాడు. ఆరోజూ చదివాడు.

చెయ్యి మెల్లగా మడిచాడు. పడలేదు, తూలలేదు, అమ్మా అనలేదు. వెనక్కి చాప మీద కూర్చుండిపోయాడు.

"నావల్ల కాదండీ" అన్నాడు పెద్దాయనతో.

"మళ్ళీ ప్రయత్నిస్తారా?"

"వద్దులెండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఇప్పుడు పట్టుకోండి" అన్నాడు.

నేను కదిలేలోపే పిల్ల ఫైలు కింద పడేసి వెళ్ళింది. వాళ్ళ నాన్న చంకల కింద చేతులు వేసింది, వంటింట్లో నేను చెప్పింది చెప్పినట్టు. నేను రెండో పక్క పట్టుకున్నాను. ఎవరూ లెక్కపెట్టలేదు. ఎత్తాం.

బయటికొస్తుంటే గుమ్మం దగ్గర ఆ టైలు మళ్ళీ 'టక్' మంది. ఆయన పెట్టిన అట్టముక్క వానకి నాని చివికిపోయి ఉంటుంది. ఆయన ఆగలేదు. కర్రతో దాని పక్కన వెతుక్కుని, గట్టి టైలు మీద కాలు పెట్టి దాటాడు. వ్యాను ఎక్కాం. "ఏమైంది? పడ్డావా బావా?" అని అన్నయ్య అడిగితే, "ఆఁ, పడ్డాను" అన్నాడు.

వానలు వెనకపట్టాక కాగితం వచ్చింది. డెబ్బై ఒకటి. పిల్ల చదివింది. శాశ్వతంగా పనికి అసమర్థుడు అని ఉంది. "శాశ్వతంగా అంటే?" అన్నాడు, తెలియక కాదు. "ఇక మళ్ళీ పరీక్షకి వెళ్ళక్కర్లేదని నాన్నా" అంది అది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను. బీరువాకి ఆనుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను. బిల్డరు మెట్లు వేరేవాళ్ళు వేశారు. ఎలా వేశారని ఈయన ఒక్కసారి కూడా అడగలేదు. గోనెసంచి మా అన్నయ్య ద్వారా ఎవరో కుర్ర మేస్త్రికి చేరింది. రబ్బరు సుత్తి మాత్రం ఉంచుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం మోకాళ్ళకి నూనె రాస్తున్నాను. ఇంట్లో ఇద్దరమే.

"ఆరోజు లేచేవాణ్ణే" అన్నాడు.

"తెలుసు."

"పిల్ల చూస్తోందని..."

"తెలుసయ్యా."

నన్ను తిట్టినా బాగుండేది. మంచి పని చేశావన్నా బాగుండేది. చేసింది తప్పా ఒప్పా అని నన్నడిగితే, మళ్ళీ అదే రోజొస్తే మళ్ళీ అదే చేస్తానని మాత్రం చెప్పగలను. నూనె గిన్నె మూతపెట్టి లేచాను.

ఇప్పుడు పొద్దున్నే పిల్లని పాలకి పంపడం లేదు. తలుపు వెయ్యడం లేదు. ఒక పక్క అది పట్టుకుంటుంది, ఒక పక్క నేను పట్టుకుంటాను. ఆయన పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, అక్కడ ఆగుతాడు. ఆగి, నా వైపు కాదు, ఎదురుగోడ వైపు చూస్తాడు.

"ఒకటి, రెండు, మూడు" అంటుంది మా పిల్ల.

లెక్క ఇప్పుడు అదే పెడుతుంది. నన్ను పెట్టమని ఆయన అడగలేదు. నేనూ పెడతాననలేదు.